విడిచి వచ్చిన వైకుంఠం: పోతన గజేంద్రమోక్షణంలో దివ్యధామ చిత్రణ

ఉపోద్ఘాతం

తెలుగులో వైకుంఠాన్ని వర్ణించిన కవులు అనేకులు. అయినా వైకుంఠం అనగానే తెలుగు పాఠకుని మనసులో ముందుగా మెదిలేది ఒక్క పద్యమే. పోతన భాగవతం అష్టమ స్కంధంలో, మొసలి పట్టుకు చిక్కిన గజరాజు మొఱ శ్రీహరి చెవిని పడిన సందర్భంలో వచ్చే మత్తేభవృత్తం అది. నాలుగు పాదాలకు మించని ఆ వర్ణనను పండితులే కాక అక్షరజ్ఞానం లేనివారు కూడా తరతరాలుగా కంఠస్థం చేశారు.

వ్యాసభాగవతంలో ఈ సందర్భంలో వైకుంఠ వర్ణన లేదు. ఈ సంగతి మూలాన్నీ అనువాదాన్నీ పోల్చి చూసినవారందరికీ తెలిసినదే. పోతన దాన్ని ఎందుకు చేర్చాడన్న ప్రశ్నకు సాధారణంగా రెండు సమాధానాలు వస్తాయి. వర్ణనల పట్ల కవికి గల అభిరుచి ఒకటి, భక్తిపారవశ్యం రెండవది. ఈ రెండూ కాదనదగినవి కావు. కానీ అవి పోతన రచనలో ఏ పద్యానికైనా వర్తించే సమాధానాలు. ఆ వర్ణన ఆ చోటనే ఎందుకు ఉండాలో, దానిలో ఆ వివరాలే ఎందుకు ఉండాలో అవి చెప్పవు.

గజేంద్రమోక్షణంలోని వైకుంఠం నివాసవర్ణనగా కంటే నిష్క్రమణకు పూర్వరంగంగా రచితమైందని, ఆ ధామం విలువను దాన్ని విడిచి వచ్చిన తీరుతో కవి కొలిచాడని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం. అదే కవి తెలిగించిన తృతీయ స్కంధంలోని వైకుంఠాన్ని పక్కన పెట్టి చూసినప్పుడు ఈ ప్రతిపాదనకు మరింత బలం చేకూరుతుంది.

మూలంలో హరి రాక

వ్యాసభాగవతంలో గజేంద్రుని స్తోత్రం ఏ దేవతనూ ప్రత్యేకించి పేర్కొనకుండా నిర్విశేషమైన పరతత్త్వాన్ని ఉద్దేశించి సాగుతుంది. తమ తమ రూపాలపై, నామాలపై అభిమానం గల బ్రహ్మాది దేవతలు ఆ మొఱకు స్పందించరు. సర్వదేవతాస్వరూపుడైన హరి ఆవిర్భవిస్తాడు. వేదమయుడైన గరుత్మంతుని అధిరోహించి, చక్రాయుధం ధరించి, దేవతలు స్తుతిస్తుండగా గజేంద్రుడున్న చోటికి శీఘ్రంగా వస్తాడు. గరుడుని మీదినుండి దిగి, మొసలితో సహా ఏనుగును సరస్సులోనుండి వెలికి లాగి, చక్రంతో మొసలి నోటిని చీలుస్తాడు.

ఈ కథనంలో హరి ఎక్కడినుండి బయలుదేరాడన్న వివరం లేదు. అంతఃపురం లేదు, లక్ష్మి ప్రసక్తి లేదు. అక్కడ హరికి వాడిన విశేషణం ‘జగన్నివాసుడు’. జగత్తుకే నివాసమైనవానికి వేరొక నివాసాన్ని వర్ణించవలసిన అవసరం మూలకారునికి కలుగలేదు. తాత్త్వికంగా ఇది పొందికైన కథనం. అంతటా ఉన్నవాడు ఒకచోట ప్రత్యక్షమయ్యాడు. రాక అన్న మాట అక్కడ ఉపచారమాత్రమే.

పోతన ఈ పొందికను చెదరగొట్టాడు. సర్వవ్యాపకత్వం లేనందువల్లనే బ్రహ్మాదులు ఊరకున్నారని, విశ్వమయుడైన విష్ణువు భక్తుని రక్షించ తలచాడని మూలాన్ని అనుసరించి చెప్పి, వెంటనే ఆ విశ్వమయునికి ఒక పట్టణాన్ని, ఒక నగరిని, ఒక సౌధాన్ని, ఒక తోటను, ఒక పానుపును కల్పించాడు. విశ్వమయత్వానికీ ఈ గృహస్థితికీ నడుమ ఉన్న వైరుద్ధ్యం పోతన వంటి వేదాంతవిదునికి తెలియనిది కాదు. తెలిసి చేసిన పని అయితే దానికి ప్రయోజనం ఉండాలి.

సందేహానికి సమాధానం

ఆ ప్రయోజనం ఏమిటో తెలియాలంటే వర్ణనకు ముందున్న స్తోత్రభాగాన్ని చూడాలి. మూలంలోని స్తోత్రం ఆద్యంతం నిశ్చయబుద్ధితో సాగుతుంది. పోతన గజేంద్రుడు మాత్రం ఒక దశలో సందేహిస్తాడు. దీనుల పట్ల, యోగుల పట్ల, సకల దిశలలో భగవంతుడు ఉన్నాడని లోకం చెప్పుకునే మాటలను తలచుకొని, ఆ ఉన్నాడన్నవాడు నిజంగా ఉన్నాడా లేడా అని ప్రశ్నించుకుంటాడు. బలం సన్నగిల్లి, ప్రాణాలు తమ తావులు తప్పుతున్నప్పుడు కలిగిన సందేహం అది. ఇందులోని వేదన తార్కికుని సంశయానికి చెందినది కాదు. అంతటా ఉన్నవాడు తన దగ్గర ఎందుకు లేడన్న ఆర్తుని బాధ అది.

ఈ సందేహానికి సర్వవ్యాపకత్వ సిద్ధాంతం సమాధానం కాజాలదు. సందేహం పుట్టిందే ఆ సిద్ధాంతం నుండి. కాబట్టి కవి మరో మార్గాన్ని ఎన్నుకున్నాడు. ఉన్నాడా అన్న ప్రశ్నకు, ఎక్కడ ఉన్నాడో చూపడమే సమాధానంగా నిలిపాడు. వర్ణన పద్యం ‘అల’ అన్న దూరార్థక నిర్దేశంతో మొదలుకావడంలోని ఔచిత్యం ఇదే. వేలు చాచి చూపినప్పుడు పలికే మాట అది. దూరాన్నీ ప్రసిద్ధినీ ఏకకాలంలో స్ఫురింపజేస్తుంది. అక్కడినుండి పాఠకుని చూపు క్రమంగా లోపలికి నడుస్తుంది. పట్టణం, అందులో నగరి, నగరిలో ప్రధాన సౌధం, ఆ సౌధం పక్కన మందారవనం, వనం నడుమ అమృతసరస్సు, సరస్సు అంచున చంద్రకాంతశిల, శిలపై కలువల పానుపు, పానుపుపై లక్ష్మితో కూడి ఉన్న స్వామి. ఇంటి ఆనవాళ్లు చెప్పే పద్ధతి ఇది. మొదటి ఆనవాళ్లు తేలికైన తెలుగు విభక్తులతో, తరువాతివి ఒకే దీర్ఘ సంస్కృతసమాసంతో చెప్పడం వల్ల, నడక మొదట విడివిడిగా అడుగులు వేసి, పిమ్మట ఒక్క ఊపున సాగినట్లు అనుభూతి కలుగుతుంది.

ఆ నడక చివర ఉన్నది శాంతదృశ్యం. అయితే కవి పాఠకుని అక్కడ నిలువనీయడు. నాలుగవ పాదంలోనే ఏనుగు మొఱ వినిపిస్తుంది. అక్కడ ప్రయోగించిన ‘కుయ్యి’ అన్న దేశ్యపదం గమనింపదగినది. ‘కుయ్యో మొఱ్ఱో’ అన్న నుడికారంలో ఈనాటికీ నిలిచి ఉన్న ఆర్తిశబ్దం అది. మూడు పాదాల వైభవాన్ని ఛేదించడానికి ఆ చిన్న తెలుగు మాట సరిపోయింది.

వాక్యనిర్మాణం దీనికి మరింత ప్రమాణం. వర్ణన పద్యం సమాపక క్రియతో ముగియదు. దాని తరువాతి ప్రసిద్ధ పద్యమూ ముగియదు. వాటిని అనుసరించే వచనం కూడా ‘అప్పుడు’ అన్న కాలబోధక నిర్మాణంతో తరువాతి పద్యంలోకి ఒలుకుతుంది. పరివారం వెంట వచ్చిందని చెప్పే పద్యం చివరగాని వాక్యానికి విశ్రాంతి లేదు. వ్యాకరణదృష్టితో చూస్తే వైకుంఠ వర్ణన, దాన్ని విడిచి రావడం ఒకే వాక్యంలోని భాగాలు. వర్ణనను విడదీసి ప్రత్యేక పద్యంగా చదివే అలవాటు వల్ల ఈ అన్వయం మరుగున పడింది. నడుమనున్న వచనంలో పోతన హరిని సకల జంతువుల హృదయపద్మమే ఇల్లుగా గలవానిగా విశేషించడం మరొక ముఖ్యాంశం. వైకుంఠపు ఆనవాళ్లన్నీ చెప్పిన మరుక్షణంలోనే ఆయన అసలు ఇల్లు ఏదో కవి చెప్పాడు. వైరుద్ధ్యాన్ని ఎరిగి నిలిపాడనడానికి ఇంతకన్న సాక్ష్యం అవసరం లేదు.

రెండు సరస్సులు

ఆ పద్యంలోని వివరాల ఎంపిక కూడా యాదృచ్ఛికంగా లేదు. గజేంద్రుడు జలక్రీడకు దిగిన సరస్సు త్రికూటపర్వతంపై వరుణుని ఉద్యానంలో ఉంది. మందారాలు, పారిజాతాలు ఆ ఉద్యానంలోని వృక్షాలు. పద్మాలు, కలువలు ఆ సరస్సులోని పువ్వులు. దేవకాంతలు విహరించే చోటు అది. వైకుంఠంలో పోతన చూపిన చోటులోనూ మందారవనం ఉంది, సరస్సు ఉంది, కలువలు ఉన్నాయి. అక్కడ గజరాజు ఆడ ఏనుగులతో క్రీడిస్తూ ఉన్నాడు. ఇక్కడ హరి లక్ష్మితో వినోదిస్తూ ఉన్నాడు. గజక్రీడను పోతన మూలం కన్న ఎంతో విస్తరించి వర్ణించిన సంగతిని దీనితో కలిపి గ్రహించాలి.

ఈ సామ్యం వల్ల కథలోని రెండు లోకాలు ఒకదానికొకటి ప్రతిబింబాలవుతాయి. కింది సరస్సులో క్రీడకు భంగం కలిగింది. ఏనుగు కాలిని మొసలి పట్టింది. ఆ భంగం వల్ల పుట్టిన మొఱ పై సరస్సులోని క్రీడకు భంగం కలిగించింది. పట్టు అన్నది రెండుచోట్లా ఉంది. కింద మొసలి పట్టు విడువదు. పైన స్వామి చేతిలోని చీరకొంగు వీడదు. ఒకటి బంధం, మరొకటి అనుబంధం. మూలాన్ని అనుసరిస్తే కింద వేయి సంవత్సరాల పోరాటం సాగింది. పైన ఒక్క క్షణమైనా ఆలస్యం లేదు. ఈ వ్యత్యాసాన్ని పోతన ఎక్కడా వాచ్యం చేయలేదు. రెండు దృశ్యాలను ఒకే సామగ్రితో నిర్మించి ఊరకున్నాడు.

విడిచినవి, విడువనిది

వైకుంఠ వర్ణన తరువాతి పద్యంలో ఆరు వ్యతిరేకక్రియలు ఉన్నాయి. లక్ష్మికి చెప్పకపోవడం, శంఖచక్రాలను చేత ధరించకపోవడం, పరివారాన్ని పిలవకపోవడం, గరుత్మంతుని సిద్ధపరచకపోవడం, చెవులపై జారిన జుట్టును సవరించుకోకపోవడం, ప్రణయకలహంలో పట్టిన లక్ష్మి పైట చెంగును విడువకపోవడం. మొదటి ఐదు చేయదగిన పనులను చేయకపోవడాన్ని చెపుతాయి. ఆరవది విడువదగినదాన్ని విడువకపోవడాన్ని చెపుతుంది. వ్యాకరణరూపం ఒకటే అయినా అర్థం దిశ మారింది. వైకుంఠంలోని సమస్తం నుండి ఆయన వెంట తెచ్చుకున్నది ఒక్క కొంగు మాత్రమే. అదీ తెలిసి తెచ్చినది కాదు.

భగవంతుని త్వరను కీర్తించడం పోతనతో మొదలైనది కాదని ఇక్కడ గుర్తించాలి. శ్రీవైష్ణవ స్తోత్రవాఙ్మయంలో దీనికి స్పష్టమైన పూర్వరూపం ఉంది. 12వ శతాబ్దికి చెందిన పరాశర భట్టారకుడు శ్రీరంగరాజస్తవంలో గజేంద్రుని మొఱ విన్న స్వామి తొందరపాటుకే నమస్కరించాడు. సేనాపతి అందించిన చేతిని అందుకోకపోవడం, మణిపాదుకలు తొడగకపోవడం, అంతఃపురం ఏమి జరిగిందని కలవరపడడం, పల్యాణం లేని గరుడుని అధిరోహించడం ఆ శ్లోకంలోని అంశాలు. పోతన పద్యంతో దీని పోలిక స్పష్టం. కనుక త్వరాచిత్రణను మాత్రమే పోతన స్వోపజ్ఞగా కొనియాడే ధోరణిని సవరించుకోవలసి ఉంది.

పోతన ప్రత్యేకత త్వరకు ఇరువైపులా ఉంది. భట్టారకుని శ్లోకం కదలికతో మొదలై కదలికతో ముగుస్తుంది. పోతన ఆ కదలికకు ముందు నిశ్చలమైన వైకుంఠాన్ని నిలిపాడు, వెనుక ఆ వైకుంఠమంతా తరలిరావడాన్ని నిలిపాడు. స్వామి వెంట లక్ష్మి, ఆమె వెంట అంతఃపురస్త్రీలు, వారి వెనుక గరుడుడు, అతని చెంత విల్లు, గద, శంఖం, చక్రం, ఆ తరువాత నారదుడు, సేనాపతి, చివరకు వైకుంఠంలోని ఆబాలగోపాలం బయలుదేరుతారు. విడిచిన వస్తువులూ పిలవని వ్యక్తులూ ఒక్కొక్కరుగా వెనుక వచ్చి చేరడం ఈ పద్యం నిర్మాణం. పద్యం ముగిసేసరికి అక్కడ ఇల్లు మాత్రమే మిగిలింది, ఇంటివారు లేరు. వైకుంఠమంటే ఒక ప్రదేశమా, లేక ఒక పురుషుని చుట్టూ ఉన్న సమూహమా అన్న ప్రశ్నకు ఈ పద్యం ఇచ్చే సమాధానం స్పష్టంగా రెండవదే. ఆ క్షణాన వైకుంఠం త్రికూటపర్వతం మీది ఆకాశంలో ఉంది.

ఈ సందర్భంలో శ్రీనాథునికీ పోతనకూ ముడిపెట్టి ప్రచారంలో ఉన్న కథను స్మరించవచ్చు. ఆయుధం లేకుండా వెళ్లిన దేవుడు అక్కడ ఏమి చేయదలచాడని శ్రీనాథుడు ఆక్షేపించినట్లు, పోతన బావిలో రాయి వేయించి బిడ్డ పడ్డాడని కేక పెట్టగా శ్రీనాథుడు తాడూ నిచ్చెనా లేకుండా పరుగెత్తినట్లు ఆ కథ. చరిత్రగా దీనికి ప్రామాణ్యం లేదు. విమర్శగా మాత్రం విలువ ఉంది. ఔచిత్యప్రశ్నను లేవనెత్తి, వాత్సల్యంతో సమాధానం చెప్పిన అజ్ఞాత పాఠకుల వ్యాఖ్యానం ఇది. అయితే ఆక్షేపణకు సమాధానం కావ్యంలోనే ఉంది. ఆయుధాలు వెనుక వచ్చాయి. మొసలిపైకి హరి చక్రాన్ని పంపడానికి అడ్డేమీ లేదు. కథ చూడని విశేషం మరొకటి ఉంది. బావి దగ్గరికి పరుగెత్తిన తండ్రికి ఆ బిడ్డ సొంత బిడ్డ. గజేంద్రుడు హరికి ఏ బంధువూ కాడు, ఆ జన్మలో మనిషి కూడా కాడు.

లక్ష్మి ఊహలు

ఈ చివరి మాటకు ఆధారం లక్ష్మి ఊహించిన కారణాలలో ఉంది. భర్త ఎక్కడికి వెళుతున్నాడో చెప్పలేదు. ఎందుకై ఉంటుందని ఆమె తర్కించుకుంటుంది. దిక్కులేని స్త్రీల ఆక్రందన విన్నాడో, దొంగలు వేదాలను అపహరించారో, రాక్షససేన దేవతల నగరిపై దండెత్తిందో, చక్రధారి ఎక్కడున్నాడో చూపుమని దుర్జనులు భక్తులను ధిక్కరించారో అని నాలుగు విధాల ఊహిస్తుంది.

ఈ ఊహలలో మూడింటికి భాగవతకథలోనే స్థానం ఉంది. భక్తుని ధిక్కరించి దేవుడెక్కడున్నాడో చూపుమనడం వెనుకటి సప్తమ స్కంధంలోని ప్రహ్లాదవృత్తాంతం. దేవతల నగరిపై దండయాత్ర ఇదే అష్టమ స్కంధంలో ముందు రానున్న బలిచక్రవర్తి కథ. వేదాపహరణం ఆ స్కంధం చివరి మత్స్యావతారగాథ. అవతారానికి ప్రసిద్ధమైన కారణాలన్నీ లక్ష్మికి తోచాయి. తోచనిది ఒక్కటే. ఒక ఏనుగు పిలిచి ఉండవచ్చునని ఆమె ఊహించలేదు. వేదాలకు, దేవతలకు, భక్తులకు కలిగే ఆపదలు ధర్మసంస్థాపనకు సంబంధించినవి. మడుగులో ఒక జంతువు పడే బాధ ఆ పట్టికలోనిది కాదు. లోకమర్యాద ఎరిగిన గృహిణి ఊహకు అందని కారణానికి స్వామి కదిలాడని పాఠకునికి మాత్రమే తెలుసు. ఆమె అడగబోయి ఆగడం, ఆగి మళ్లీ అడుగు వేయడం ఆ తరువాతి కందపద్యంలో చిత్రితమైంది. హాస్యచ్ఛాయ గల ఆ చిత్రణకు ఈ అజ్ఞానమే ఆధారం.

ఇక్కడ మూలంలోని మరొక వివరాన్ని జోడించాలి. గజేంద్రకథ నాల్గవదైన తామసమన్వంతరానికి చెందినది. ఆ కథ ముగిసిన వెంటనే వ్యాసభాగవతం ఐదవదైన రైవతమన్వంతరాన్ని ప్రస్తావిస్తుంది. శుభ్రుని భార్య వికుంఠయందు భగవంతుడు వైకుంఠుడై జన్మించాడని, రమాదేవి కోరగా ఆమె ప్రీతికోసం వైకుంఠలోకాన్ని కల్పించాడని అక్కడ చెప్పబడింది. వైకుంఠం నిత్యధామమని భావించే వైష్ణవ వ్యాఖ్యానసంప్రదాయం దీన్ని నిర్మాణంగా కాక ఆవిర్భావంగా గ్రహిస్తుంది. కాలక్రమం మాట ఎలా ఉన్నా ఒక విషయం నిలుస్తుంది. పురాణదృష్టిలో వైకుంఠం లక్ష్మి కోరి కట్టించుకున్న ఇల్లు. అటువంటి ఇంటినుండి ఆమెకు చెప్పకుండా వెళ్లడం అన్న కల్పన వెనుక ఎంత సాహసం ఉందో ఈ వివరంతో తెలుస్తుంది.

ద్వారం ఉన్న వైకుంఠం

భాగవతంలో వైకుంఠాన్ని విస్తారంగా వర్ణించిన ఘట్టం తృతీయ స్కంధంలో ఉంది. సనకసనందనాదుల రాక, జయవిజయుల శాపం అక్కడి కథ. నైశ్రేయసమనే వనం, వైడూర్యమరకత విమానాలు, పగడాల గట్లు గల దిగుడుబావులు, తులసిదళాలతో స్వామిని అర్చించే లక్ష్మి ఆ వర్ణనలో కనిపిస్తారు. తుమ్మెద పాడితే పక్షులు హరికథ వింటున్నట్లు తమ కూతలు ఆపుతాయి. తులసికి దక్కిన గౌరవాన్ని చూసి ఇతర పుష్పాలు అసూయపడవు, ఆమె తపస్సును మెచ్చుకుంటాయి. మాత్సర్యం లేని లోకంగా వైకుంఠాన్ని నిరూపించడం ఆ వర్ణన లక్ష్యం.

అటువంటి లోకంలోనే ఏడవ ద్వారం వద్ద ఇద్దరు కావలివారు బెత్తం అడ్డుపెడతారు. వచ్చినవారు ఐదేండ్ల బాలురవలె కనిపించే దిగంబర మునులు. వేషం చూసి అర్హతను నిర్ణయించడం అక్కడ జరిగిన అపరాధం. భేదమే లేని చోట మీకు ఈ భేదబుద్ధి ఎక్కడినుండి వచ్చిందని మునులు ప్రశ్నిస్తారు. సంగతి తెలిసిన భగవంతుడు లక్ష్మీసమేతుడై కాలినడకన ద్వారం వద్దకు వచ్చి, సేవకుల తప్పు స్వామికే చెందుతుందని ఒప్పుకుంటాడు.

ఈ ఘట్టాన్ని గజేంద్రమోక్షణంతో పోలిస్తే కనిపించే తేడాలు ప్రయోజనవంతమైనవి. తృతీయ స్కంధంలో వైకుంఠానికి ఏడు ద్వారాలు ఉన్నాయి. అష్టమ స్కంధ వర్ణనలో పోతన పట్టణం నుండి పానుపు వరకు నడిచిన దారిలో ఒక్క ద్వారాన్నీ పేర్కొనలేదు. స్వామి వెంట నడిచిన పరివారంలో ద్వారపాలకుల ప్రసక్తి లేదు. అక్కడ మునులు స్వయంగా వచ్చి ఆగిపోయారు. ఇక్కడ గజేంద్రుడు రాలేడు. అతని మొఱ మాత్రమే వచ్చింది, దాన్ని ఎవరూ ఆపలేదు. అక్కడ స్వామి లక్ష్మితో కలిసి, ఛత్రచామరాలతో సేవకులు అనుసరిస్తుండగా వచ్చాడు. ఇక్కడ లక్ష్మికి చెప్పకుండా, ఏ పరికరమూ లేకుండా బయలుదేరాడు. అక్కడ ద్వారం వరకు నడిచాడు. ఇక్కడ లోకాన్నే దాటాడు.

ఫలితాలలోనూ ఈ విలోమత కొనసాగుతుంది. ద్వారాన్ని కాచినవారు ఆ లోకం నుండి జారి అసురజన్మలు ఎత్తారు. అగస్త్యశాపం వల్ల ఏనుగైన ఇంద్రద్యుమ్నుడు హరిసారూప్యం పొంది, స్వామి వెంట ఆయన భవనానికి చేరాడు. కావలివారిని పోగొట్టుకున్న కథ ఒకటి, కావలి లేని దారిన ఒక జంతువు ప్రవేశించిన కథ మరొకటి. ఈ వాదం రెండు స్కంధాలను పోతన ఏ క్రమంలో రచించాడన్న అంశంపై ఆధారపడదు. గ్రంథాన్ని క్రమంగా చదివే పాఠకుడు ద్వారం ఉన్న వైకుంఠాన్ని చూసిన తరువాతే ద్వారం కనిపించని వైకుంఠానికి చేరతాడు. ఆ క్రమం చాలు.

‘కుంఠ’ శబ్దానికి మొక్కపోవడం, అడ్డు తగలడం అన్న అర్థాలు ఉన్నాయి. అడ్డు లేనిది వైకుంఠమన్న వ్యుత్పత్తిని అంగీకరిస్తే, ఆ పేరుకు తగిన వైకుంఠం ఈ రెండింటిలో ఏదో వేరుగా చెప్పనక్కరలేదు. వైకుంఠ ఏకాదశినాడు ఆలయాలలో ఉత్తరద్వారాన్ని తెరిచే ఆచారం ద్వారం ఉన్న వైకుంఠభావననుండి వచ్చింది. ద్వారం తెరిచే దినం కోసం వేచి ఉండలేని ఆర్తునికి పోతన పద్యం ఆశ్రయమైంది.

ఒక ఆక్షేపణ

పట్టణం, నగరి, సౌధం, అంతఃపురం, సేనాపతి అన్న పదజాలం రాజాస్థాన వర్ణనలకు సంబంధించినదని, పోతన చేసినది ఆనాటి కావ్యసమయాన్ని దేవలోకానికి అన్వయించడం మాత్రమేనని వాదించవచ్చు. పదజాలానికి సంబంధించినంతవరకు ఇది నిజం. తెలుగులో నగరు అన్న మాటకు రాజగృహమనే అర్థం రూఢం. 15వ శతాబ్ది కవికి వైభవాన్ని ఊహించడానికి రాజగృహానికి మించిన ఉపమానం దొరకదు. కానీ ఆస్థానవర్ణనలో రాజు కొలువుతీరి ఉంటాడు. ప్రార్థించేవారు అతని దగ్గరికి వస్తారు, ద్వారపాలకులు వారిని ప్రవేశపెడతారు. ఆ సంవిధానమే రాజత్వానికి లక్షణం. పోతన రాజగృహాన్ని సమగ్రంగా అమర్చి, రాజుచేత ఆ సంవిధానాన్ని అతిక్రమింపజేశాడు. వైభవం తక్కువైతే అతిక్రమణకు విలువ లేదు. పూరిగుడిసెనుండి పరుగెత్తినవాడు విడిచినది స్వల్పం. వర్ణన అంత సాంద్రంగా ఉండవలసిన అవసరం ఇక్కడ ఉంది. భాగవతాన్ని నరాంకితం చేయక శ్రీరామునికి అంకితం ఇచ్చిన కవి రాజవైభవపదజాలాన్ని ఈ విధంగా వినియోగించడం ఆయన జీవితదృష్టికి అనుగుణంగానే ఉంది.

ముగింపు

గజేంద్రమోక్షణంలోని వైకుంఠ వర్ణనను అలంకారంగా చదివితే అది సుందరమైన ఒక ముక్తకం. వాక్యాన్వయంతో, ముందున్న సందేహంతో, వెనుకనున్న పరివారయాత్రతో కలిపి చదివితే అది కథకు కీలకస్థానం. దేవుడు ఉన్నాడా అని ప్రశ్నించిన ప్రాణికి పోతన సిద్ధాంతం చెప్పలేదు. దేవునికి ఒక ఇంటిని కల్పించి, ఆ ఇంట సుఖాన్ని కల్పించి, ఆ సుఖం నుండి ఆయనను లేపాడు. సర్వవ్యాపకుడు రాగలడు కానీ దేన్నీ విడువలేడు, ఆయనకు వెలుపల ఏదీ లేదు గనుక. విడవడం సాధ్యం కావాలంటే ఇల్లు ఉండాలి. వ్యాసభాగవతంలోని రాకను తెలుగు భాగవతంలో త్యాగంగా మార్చిన సాధనం ఆ నాలుగు పాదాల వైకుంఠం.

తృతీయ స్కంధ వైకుంఠంతో కలిపి చూసినప్పుడు ఈ మార్పు పరిధి ఇంకా విస్తరిస్తుంది. ఎవరు లోపలికి రాదగినవారన్న ప్రశ్న చుట్టూ ఒక వైకుంఠం నిర్మితమైంది. ఎవరికోసం బయటికి రావాలన్న ప్రశ్న చుట్టూ మరొకటి నిర్మితమైంది. తెలుగు పాఠకుడు కంఠస్థం చేయడానికి ఎన్నుకున్నది రెండవదాన్ని. ఆ ఎంపికలో పద్యం నడక సొగసుకు ఎంత పాలు ఉందో, పిలిస్తే లేచి వచ్చే ఇంటివాని పట్ల నమ్మకానికీ అంతే పాలు ఉంది.